జ్యూరీకి చెప్పని మాట

"శిక్ష వేసిన ఆ జడ్జి విగ్గు కింద బుర్రనేది ఉంటేగా!" అంది డోరీన్, లండన్ అప్పీలు కోర్టు వరండాలో బెంచీ మీద కూలబడుతూ.

"కాస్త మెల్లగా!" అంది లాయరు బెవర్లీ, కంగారుగా అటూ ఇటూ చూసి.

"మెల్లగానా? జైల్లో ఉన్నది నా కొడుకు తల్లీ!"

బెవర్లీ ఫైళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళింది. బెంచీకి ఆ చివర కూర్చున్న నెరిసిన జుట్టు పెద్దావిడ ఫ్లాస్కులోని టీ వంచి అందించింది. "ఏం జరిగిందమ్మా?"

"మా ఊళ్ళో గోడౌను తగలబడింది. అప్పుడెక్కడున్నావని పోలీసులడిగితే మా క్రెయిగ్ ఇంట్లో ఉన్నానన్నాడు. నిజానికి ఎవరిదో చెరువులో దొంగతనంగా చేపలు పడుతున్నాడు, వెధవ! 'తప్పు చెయ్యనివాడు అబద్ధమెందుకాడతాడు?' అని జ్యూరీని అడిగింది ఆ విగ్గు. భయంతోనో సిగ్గుతోనో కూడా మనిషి అబద్ధమాడతాడని ఒక్క ముక్క చెప్పలేదు. విచారణంతా దానికేసే చూస్తూ కూర్చున్నాను. ముఖం గుర్తులేదు, ఆ తెల్ల విగ్గొక్కటే కళ్ళల్లో ఉంది."

"చెప్పాల్సింది," అంది పెద్దావిడ నెమ్మదిగా.

"మీవాడూ లోపలేనా?"

"లోపలే. నా మాట వల్లే వెళ్ళాడు."

"అయ్యో, సాక్ష్యం చెప్పారా? పొరపాటైపోయిందని ఒప్పేసుకోండి. ఎవరూ కొట్టరు."

"అందుకే వచ్చాను."

ఇంతలో పిలుపు వచ్చింది. పెద్దావిడ కూడా వెంట వచ్చి వెనక వరసలో కూర్చుంది. ముగ్గురు జడ్జీల ముందు బెవర్లీ గొంతు పెంచకుండా వాదించింది. "అబద్ధం వేరు, నేరం వేరు. ఆ తేడా జ్యూరీకి విడమరిచి చెప్పడం జడ్జి బాధ్యత. ఈ కేసులో అది జరగలేదు."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. "శిక్ష రద్దు. మళ్ళీ విచారణ అక్కర్లేదు." అద్దాల బోనులో క్రెయిగ్ చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేశాడు.

బయటికి రాగానే బెవర్లీ నేరుగా పెద్దావిడ దగ్గరకి వెళ్ళి తల వంచింది. "మీరు ఫోన్ చేసి ఆ లోపం చూపించకపోతే మాకు తట్టేది కాదండీ."

డోరీన్ నోరు తెరిచింది. "మీరా? మీకెలా తెలిసింది?"

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను."

డోరీన్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "మీ కడుపు చల్లగుండ! ఆ విగ్గు కూడా ఇక్కడుండి ఈ తీర్పు వింటే నా కసి తీరేది!"

పెద్దావిడ చేతులు వెనక్కి తీసుకోలేదు. తల కూడా దించుకోలేదు.

"విన్నానమ్మా," అంది.