డొరీన్ ఆంటీ వేసిన బొమ్మలు

ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ సముద్రతీరంలో గ్లెన్ దుకాణం డొరీన్ ఆంటీ పేరు మీదే నడిచేది. ప్రతి బొమ్మ కిందా ఒకటే చీటీ: ‘అచ్చమైన ఆదివాసీ కళ. ఎడారిలో డొరీన్ ఆంటీ స్వహస్తాలతో వేసినది.’

నిజానికి డొరీన్ ఆంటీ అనే మనిషే లేదు. బీరు తాగుతూ గ్లెన్ పుట్టించిన పేరది. బొమ్మలు విదేశీ ఫ్యాక్టరీ నుంచి పెట్టెల్లో దిగేవి. ఎవరైనా ఆరా తీస్తే, “ఆవిడ ఎక్కడో ఎడారిలో ఉంటుందండీ, ఫోను కూడా లేదు” అనేవాడు. నిజంగా బొమ్మలు వేసే ఆదివాసీలు మాత్రం వెనక వీధిలో ఈగలు తోలుకునేవారు.

ఓ శనివారం కొట్టు నిండా పర్యాటకులు ఉండగా, పూల గౌను వేసుకున్న ఆదివాసీ పెద్దావిడ ఒకామె లోపలికి వచ్చింది.

“ఏం గ్లెన్, గుర్తుపట్టలేదా? నేనయ్యా, డొరీన్ ఆంటీని!”

గ్లెన్ ఇంతమంది ముందు కాదని ఎలా అంటాడు? “రండి ఆంటీ, రండి!” అన్నాడు, లేని నవ్వు తెచ్చుకుని.

జనం ఆమె చుట్టూ మూగారు. ఫొటోలు దిగారు. తాబేలు బొమ్మ వేస్తుండగా తన కుక్క రంగుల్లో పడి దొర్లిన వైనం ఆమె చెబుతుంటే పడీపడీ నవ్వారు. తలా ఒక బొమ్మ పట్టుకుని గల్లాపెట్టె ముందు వరుస కట్టారు.

‘ఎవరో మహాతల్లి! నన్ను మించిన దొంగ!’ అనుకుని గ్లెన్ మురిసిపోయాడు. ఆమెకు కుర్చీ వేసి, చల్లటి అల్లం సోడా ఇచ్చాడు.

ఆమె సోడా తాగి లేచింది. “మనసొప్పడం లేదర్రా. నా బొమ్మలు నేను అమ్మను. అన్నీ బయట నా వ్యానులో పెట్టండి.”

“పాపం, ఆవిడ బొమ్మలు ఆవిడిష్టం!” అంటూ అందరూ గోడల మీదివి కూడా దించసాగారు.

గ్లెన్ గుమ్మానికి అడ్డంపడ్డాడు. “ఆంటీ, లోపల మాట్లాడుకుందాం రండి.”

“మాటలెందుకయ్యా? నా సొత్తు నేను తీసుకెళ్తున్నా.”

“నీ సొత్తా? ఇది పచ్చి దొంగండీ!” గ్లెన్ గొంతు చించుకున్నాడు. “డొరీనూ లేదు, గిరీనూ లేదు! ఆ పేరు నేనే పుట్టించా! ఇదంతా ఫ్యాక్టరీ సరుకు!”

ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆమె తాపీగా సంచిలోంచి గుర్తింపు కార్డు తీసింది.

“నా పేరు ఐవీ, వినియోగదారుల రక్షణ శాఖ అధికారిని. డొరీన్ ఆంటీ లేదని రుజువు చెయ్యలేక మా ఆఫీసంతా తలపట్టుకుంటే, ఇంతమంది సాక్షుల ముందు నువ్వే చేసిపెట్టావు నాయనా!”