గీత పడని చేతులు

“పందొమ్మిదేళ్లుగా ఈవిడ చేతుల్లో ఒక్క కుందేలూ గింజుకోలేదు!” అంటూ పెద్ద డాక్టరు కప్పు అందించాడు. ల్యాబులో జంతువులను సాకేవాళ్లకు ఏడాదికోసారి జరిగే అభినందన సభ అది. చప్పట్లు కొట్టి, కేకు తిని, ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

కుందేళ్ల గది తలుపు తీసేసరికి ఆమె అడుగుల చప్పుడుకే అన్నీ బోనుల ముందుకొచ్చి నిలబడ్డాయి.

“చూడక్కా, ప్రైజు సంగతి వీటికీ తెలిసిపోయింది!” కొత్తగా చేరిన అమ్మాయి నవ్వింది. “ఆ కిటుకేదో నాకూ చెప్పక్కా. నేను ముట్టుకుంటే చాలు, రక్కేస్తున్నాయి.” మణికట్టు మీద ఎర్రటి గీతలు చూపించింది.

“కిటుకేముందే? రోజూ చేత్తో మేత పెట్టాలి. ఎత్తుకుని, తల మోచేతి మడతలో దాచాలి. వారానికల్లా మచ్చికైపోతాయి.”

“ఇక సూది గుచ్చినా కదలవా?”

“కదలవు.”

“ఆఖరి సూదికి కూడానా?”

ఆమె గోడ మీది కాగితం వైపు చూసింది. రేపు చంపాల్సినవి పన్నెండు కుందేళ్లని అందులో రాసి ఉంది. ఎప్పటిలాగే పట్టుకునేది తనే.

కప్పు కింద పెట్టి, అమ్మాయి మణికట్టు మీది గీతలను చాలాసేపు చూసింది.

“మందు రాసుకో. ఈ కిటుకు మాత్రం నేర్చుకోకు.”

తర్వాత గ్లౌజు తీసేసి, చెయ్యి బోనులో పెట్టింది.

“ఒక్కసారి రక్కవే,” అంది మెల్లగా.

కుందేలు అరచెయ్యి వాసన చూసింది, నాకింది, తల తెచ్చి మోచేతి మడతలో దూర్చుకుంది.