వేలెడంత మోటారు

"ఇవాళ ఇది ముక్కలు కాకుండా తిరిగొస్తే సరే. లేకపోతే ఆ బల్ల నాది," అంది దర్జీ భార్య, మైదానం మధ్యలో నిలబడి. "రెండో కుట్టుమిషను వేసుకుంటాను. తర్వాత మాట మార్చకండి."

"అలాగేలే," అన్నాడు దర్జీ. చేతిలోని రాకెట్టును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

బల్లంటే కొట్లో కిటికీ పక్కనుండే బల్ల. ఒకప్పుడు దాని మీద గుడ్డ కత్తిరించేవారు. ఇప్పుడక్కడ రాకెట్లు పుడుతున్నాయి. పుట్టినవి పుట్టినట్టే పోతున్నాయి కూడా. ఒకటి చెట్టెక్కి కాకులకు పుట్టిల్లయింది. ఇంకొకటి పోయే లారీలో దిగి, టిక్కెట్టు లేకుండా ఊరు దాటింది.

చేతిలో ఉన్నది మూడోది. చొక్కా పెట్టెల అట్టను చుట్టి చేసిన గొట్టం, కాలరు అట్టతో కత్తిరించిన రెక్కలు, లోపల, కిందికి దిగేటప్పుడు విచ్చుకునేలా కోటు లైనింగు ముక్కలతో కుట్టిన గొడుగు. అడుగున మందు కూరిన వేలెడంత మోటారు. అంతకన్నా చిన్నది అడిగితే దుకాణంవాడు అగ్గిపుల్ల చేతిలో పెట్టేవాడు.

బావమరిది తన రాకెట్టును కారులోంచి పసిబిడ్డలా ఎత్తుకుని దింపాడు. నిలబెడితే అది అతని భుజం దాకా వచ్చింది. దాని మోటారు రోకలిలా ఉంది.

"నీదేది బావా? కనపడదేం?"

"చేతిలోనే ఉందిరా."

"ఓ, అదా. కొవ్వొత్తేమో అనుకున్నాను."

"నీది చూసి కరెంటు స్తంభమని నేననుకోలేదూ?"

"అక్కా, నువ్వైనా చెప్పు. రాకెట్టన్నాక ఆకాశం అంటాలి. అటక ఎత్తు ఎగిరేదానికి ఇంత దూరం రావడమెందుకు? పైగా లోపలి గొడుగు తెరుచుకోలేదంటే, ఆ అట్టముక్కలు ఏరుకోవడానికి చీపురు కావాలి."

"నాకెందుకు చెబుతావురా? నాకు కావలసింది బల్ల," అంది అక్క.

ముందు బావమరిది వంతు. పది నుంచి వెనక్కి లెక్కపెట్టాడు. గొప్ప రాకెట్లకు అలాగే లెక్కపెట్టాలట. మీట నొక్కగానే పుట్టిన చప్పుడుకు మైదానంలో పడుకున్న రెండు కుక్కలు శాశ్వతంగా చిరునామా మార్చుకున్నాయి. రాకెట్టు చీమంతయింది, చుక్కంతయింది, అసలు లేకుండానే పోయింది. మెడలు నొప్పి పుట్టాక, ఎక్కడో మబ్బుల్లో ఎర్ర గొడుగు విచ్చుకుంది. దాని కింద ఒక చిన్న కుటుంబం సుఖంగా కాపురం చేసుకోవచ్చు.

"చూశావా బావా, ఎంత ఠీవిగా దిగుతోందో."

గాలి కూడా చూసింది. చూసి, ముచ్చటపడి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. రాకెట్టు మహారాజులా ఊరేగుతూ మైదానం దాటింది, రోడ్డు దాటింది, గోదాముల కప్పులు దాటింది.

"ఎటు పోతోందిరా అది?"

"గాలివాటం. దిగుతుందిలే."

"దిగుతుంది, దిగుతుంది. ఏ దేశంలో అన్నదే తేలాలి."

నవ్వాడే గాని, దర్జీకి తన రాకెట్టు మీద బెంగ పట్టుకుంది. రోకలిని మోసుకుపోయిన గాలికి కొవ్వొత్తి ఒక లెక్కా? గొడుగు విచ్చుకుంటే ఈ రాకెట్టూ పోయినట్టే. రాకెట్టుతోపాటే బల్లా.

"గాలి తగ్గాక చూద్దామే," అన్నాడు మెల్లగా.

"కానివ్వండి. ఎండెక్కుతోంది."

దర్జీ తన రాకెట్టును నేలలో పాతిన కడ్డీకి తగిలించి, వెనక్కి వచ్చి మీట నొక్కాడు. టుస్సుమంది. నాలుగంతస్తుల మేడ ఎత్తు ఎగిరింది. టప్పుమని పైమూత ఊడి, లోపలినుంచి లైనింగు గుడ్డ బయటికి వచ్చింది. వచ్చింది గాని విచ్చుకోలేదు. మూట మూటలాగే వేలాడింది.

"అయిపోయింది," అన్నాడు బావమరిది, సంతాపసభలో మాట్లాడుతున్నట్టు.

దర్జీ కళ్లు మూసుకున్నాడు. రాకెట్టు పిల్లిమొగ్గలు వేసుకుంటూ వచ్చి, బయలుదేరిన కడ్డీకి మూరెడు దూరంలో గడ్డి మీద చప్పున పడింది. ఉన్నదే అట్ట, ఎగిరిందే మేడ ఎత్తు. ఎండుటాకు రాలితే విరుగుతుందా? అందరికన్నా ముందు పరుగెత్తింది భార్యే. తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. రెక్కకు చిన్న నొక్కైనా లేదు.

"గొడుగు తెరుచుకోలేదేం బావా?"

దర్జీ కళ్లు తెరిచాడు. కళ్లతోపాటు నోరూ తెరుచుకుంది.

"తెరుచుకుంటే నీదానిలాగే పోదూ? ఈ గాలికి తెరవకూడదని ముందే అనుకున్నాను. దాన్నే లెక్క అంటారు."

"గొడుగుకెలా తెలిసింది?"

"ఇన్నేళ్లు గుడ్డతో బతికినవాణ్ణిరా. గుడ్డ నా మాట జవదాటదు."

బావమరిది తల దించుకుని కారు తాళాలు తీశాడు. గోదాముల వెనక వెతుక్కోవాలి. వెళ్తూ వెళ్తూ, "నాకూ ఇలాంటిది ఒకటి చేసిపెట్టు బావా," అన్నాడు.

"చూద్దాం. బల్ల మీద చోటుంటే." దర్జీ భార్య వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు. "విన్నావుగా? బల్ల ఎవరిదిప్పుడు?"

"మీదేలెండి," అంటూ భార్య అటు తిరిగి, గొడుగు తెరుచుకోకూడదని పొద్దున తాను చాటుగా వేసిన రెండు కుట్లనూ పంటితో కొరికేసింది.