నార్మాలిటీ చెప్పిన రోజు

"నార్మాలిటీ చెప్పమ్మా. మోలారిటీకీ దానికీ తేడా పిల్లలకు అర్థం కావాలి. అదే చూస్తాం," అని ప్రిన్సిపాల్ ఫణీంద్ర వెనక బెంచీలో కూర్చున్నాడు.

సలోమి చాక్‌పీసు అందుకుంది. నరసరావుపేటలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ ఉద్యోగానికి ఇది డెమో క్లాసు. ఇదీ రాకపోతే సోమవారం నుంచి బట్టల కొట్లో చేరాలి. ఆ తలపుకు భయం కూడా కలగలేదు. ఇన్ని కాలేజీలు తిరిగాక ఆశ ఒక అలవాటుగా మిగిలిందంతే. అందులో వేడి లేదు.

"లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో చెప్పేది మోలారిటీ. చర్యలో అవి ఎంత ఇవ్వగలవో చెప్పేది నార్మాలిటీ. ఒక మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం క్షారంతో పూర్తిగా చర్య జరిపితే, ప్రతి అణువూ రెండు హైడ్రోజన్లు ఇస్తుంది. కనుక అది రెండు నార్మల్."

ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచింది. "మరి ఏది ఎప్పుడు వాడాల మేడమ్?"

"ఏమే యశస్వినీ, ఆమెనన్నా ఊపిరి పీల్చుకోనీవే," అంది పక్కనున్న ప్రియ. క్లాసు నవ్వింది.

సలోమి నవ్వలేదు. "టైట్రేషన్‌లో నార్మాలిటీ సులువు. నార్మాలిటీని ఘనపరిమాణంతో గుణిస్తే రెండు వైపులా సమానం. కానీ చర్య ఏదో తెలియాలి. పర్మాంగనేట్ ఆమ్ల ద్రావణంలో అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, తటస్థ ద్రావణంలో మూడే. సీసా అదే, విలువ వేరు. చర్య తెలియనప్పుడు మోలారిటీనే నమ్మాలి."

చెబుతూ తన గురించే అనుకుంది. చదివిన చదువు మారదు. దాని విలువ మాత్రం ఎదుట ఉన్నవాళ్లను బట్టి.

పిల్లలు ఒక్క ముక్క వదలకుండా రాసుకున్నారు. లెక్కలు కూడా చేయించమన్నాడు ఫణీంద్ర. గంట మోగేదాకా చేయించింది.

"చానా బాగా చెప్పావమ్మా. ఫోన్ చేస్తాం," అన్నాడతను.

ఎన్నాళ్లకో లోపల ఏదో కొద్దిగా కదిలింది. కొట్టు యజమానికి ఇక రానని చెప్పేద్దామని వరండాలో ఫోన్ తీసింది.

యశస్విని వెంట వచ్చింది. "తర్వాతి పాఠం మోలాలిటీ, అది కూడా మీరే చెప్పండి మేడమ్."

"ఉద్యోగం ఇవ్వనీ, చెబుతాను."

"మోలారిటీ చెప్పిన సారూ నిన్న ఇదే మాటన్నాడు మేడమ్, ఈ ఏడాది మాకు కెమిస్ట్రీ అంతా డెమోలకొచ్చినోళ్లే చెప్తన్నారు."