చుక్క పడని లోయ

మ్యాపింగ్ మిషన్ తెరమీద, చెల్లెలు ఎక్కడుందో చూపే చుక్క గంట నుంచి కదలడం లేదు.

కొండ అవతల అడవి అంటుకుంది. ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని చెట్ల లెక్కకు వెళ్లిన చెల్లెలు ఆ పొగలోనే ఉంది. అటవీశాఖ మ్యాపు ఆఫీసరు మిషన్ పట్టుకుని ఆఫీసు బయటికి పరుగెత్తాడు.

"చుక్క ఇక్కడే ఉంది. జీపు తియ్!" అని కొత్త డ్రైవరు మీద అరిచాడు.

"అక్కడ ఉండరు సార్."

ఆఫీసు గేటు దగ్గర ఎవరో ముసలాయన. మాసిన చొక్కా, చేతిలో కొడవలి. పొగ చూసి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు.

"అది లోయలోకి దిగేముందు పడ్డ చుక్క సార్. కింద చెట్లు కమ్మేసి ఉంటాయి, సిగ్నలు అందదు. ఈపాటికి వాగు దగ్గరికి చేరుంటారు. మీరిద్దరూ నాతో రండి. ఎవరైనా పడిపోయుంటే మొయ్యాలి."

"రెండు లక్షల చెట్లున్నాయి ఈ మిషన్లో. దీన్ని వదిలేసి నీ వెంట రావాలా?"

"చెట్లున్నాయి సార్. పొగ లేదుగా అందులో!"

డ్రైవరుకు నవ్వొచ్చింది. ఆఫీసరు మొహం చూసి మింగేశాడు.

"పక్కకు జరుగు తాతా! అక్కడున్నది నా చెల్లెలు!"

"అందుకే చెబుతున్నా బాబూ."

జీపు ఆయన్ని రాసుకుంటూ దూసుకుపోయింది.

చుక్క ఉన్నచోట ఒక్క పురుగు కూడా లేదు. కింద లోయ నిండా పొగ.

"చెల్లాయ్!"

ఎన్నిసార్లు గొంతు చించుకున్నా పలికే దిక్కు లేదు. పడుతూ లేస్తూ లోయలోకి దిగాడు. నెత్తిమీద కొమ్మలు మూసుకుపోయాయి. పది నిమిషాల తర్వాత తెర చూసుకున్నాడు.

తన చుక్క ఇంకా గట్టుమీదే ఉంది.

చెల్లెల్ని పిలుస్తూ ఇంకా కిందికే దిగబోయాడు.

"మంట ఇటే వస్తోంది, రండి సార్!" డ్రైవరు రెక్క పుచ్చుకుని బరబరా పైకి ఈడ్చుకొచ్చాడు.

తిరిగి గేటు చేరేసరికి, వాగువైపు నుంచి ఒళ్లంతా మసితో చెల్లెలు వస్తోంది. వెనక ఒక్క కూలీయే ఉన్నాడు.

"ఎలా బయటపడ్డావే తల్లీ?"

"ఎవరో తాత వచ్చాడన్నయ్యా. తుప్పలు నరుక్కుంటూ వాగులోంచి తీసుకొచ్చాడు. రెండో కూలీకి కాలు విరిగింది, లేవలేకపోయాడు. మమ్మల్ని ఒడ్డెక్కించి, అతని కోసం మళ్లీ వెళ్లాడు. మనుషుల్ని పంపించన్నయ్యా, తొందరగా!"

ఆఫీసరు వాగువైపు చూశాడు. అక్కడ వాగు లేదు. నిలువెత్తు మంట ఉంది. అందులో వెదుళ్లు ఫటఫటమని పేలుతున్నాయి.

"ఒక్కడే ఎందుకు వెళ్లాడే?"

"నేనూ అదే అన్నాను, ఇంకెవరినైనా తోడు తెచ్చుకోవలసింది తాతా అని. 'అడిగానమ్మా, రాలేదు' అన్నాడు."

ఆఫీసరు చేతిలోంచి మిషన్ జారి కింద పడింది.

"ఎవరాయన?" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

కూలీ మంటలవైపే చూస్తూ చెప్పాడు.

"లోయలో ఆయన చుక్క ఒక్కటీ మిషన్లో పడలేదు, కాపలా తిరగకుండా జీతం తింటున్నాడని పోయిన నెల మీరు మొహమైనా చూడకుండా తీసేసిన వాచరే సార్."