కందిపప్పు డబ్బా వెనక

వినోద మేడం ఫోను మీద వేలితో పొడిచి రికార్డింగు ఆపేసింది.

"శామ్యూల్, దీన్ని తిట్టు అంటరా?"

"అనరా మేడం?" శామ్యూల్ కుర్చీలో ముందుకు జరిగాడు. "నీతోని నాకు సావొచ్చిందయ్యా అన్నది. మీరే విన్నరు గద."

"గా మాట మా ఇంట్ల పాల ప్యాకెట్ కంటె ముందుగాల వస్తది. ఇంకోటి పెట్టు."

మేడ్చల్ కోర్టుకు ఎదురుగా, జిరాక్స్ షాపు పైన ఆమె లాయరు ఆఫీసు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు రికార్డు చేసిన మాటలు విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయని సుప్రీంకోర్టు చెప్పిన నాటి నుంచి, ఈ మెట్లెక్కే ప్రతివాడి చేతిలోనూ ఒక ఫోను. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళలోని కుక్కర్ విజిళ్ళూ సీరియల్ ఏడుపులూ విని విని ఆమె తల వాచిపోయింది.

శామ్యూల్‌కు ఆ తీర్పు సంగతి తెలిసింది తల్లి మరియమ్మ నోటి నుంచే. ఆమె పొద్దున్నే పేపరు పైకి చదువుతుంది. సుప్రీంకోర్టు అన్న మాట కనబడితే ఇక ఇల్లంతా వినాల్సిందే. వీధికుక్కలను ఏం చెయ్యమన్నదో, ఆడపిల్లకు ఆస్తిలో ఎంతన్నదో, కొడుకును ఇంట్లోంచి పొమ్మనే హక్కు తల్లికి ఎప్పుడుంటుందో, ఏదీ వదలదు. ఈ తీర్పు చదివిన రోజు మాత్రం శామ్యూల్ చాయ్ సగంలో పెట్టి లేచాడు. తెర పగిలిందని మూలన పడేసిన పాత ఫోను వెతికి, వంటింట్లో కందిపప్పు డబ్బా వెనక దాచాడు. దుండిగల్ కాలేజీ బస్సు నడపడానికి వెళ్ళేముందు దాన్ని ఆన్ చేయడం, సాయంత్రం వచ్చాక గుట్టుగా తీసుకోవడం, ఇదే పని అయింది అతనికి.

అతను ఇంకోటి పెట్టాడు. అతని భార్య రెబెక్కా గొంతు గదంతా నిండింది.

"హెల్మెట్ గోడకు తలిగేసుడు షోకు కోసమా? నెత్తి పలిగితె దవఖాన సుట్టు తిరగనీకె నాకు కాళ్ళు లెవ్వు."

మేడం నుదురు పట్టుకుంది. జడ్జి ఇది వింటే హెల్మెట్ పెట్టుకొమ్మని తిరిగి నిన్నే తిడతాడంది. శామ్యూల్‌కు ఒళ్ళు మండింది. ఎవరికి చెప్పినా అర్థం కాదు. పొద్దున ఉప్పు దగ్గర మొదలై రాత్రి చెప్పుల దగ్గర ఆగే నోరు అది. ఆదివారం చర్చికి పోతూ బండి మీద వెనక కూర్చుని కూడా సతాయిస్తుంది. పాటలు మొదలైతే గానీ ఆపదు. ఇన్నేళ్ళుగా పడుతున్నవాడికి తెలుసు అది తిట్టో కాదో.

టైపు చేసిన పిటిషన్ బల్ల మీదే ఉంది. మేడం దాని మీద చెయ్యి పెట్టి, ఊరికే చెప్పినట్టు చెప్పింది. "దీని మీద సంతకం పెడితే ఆమెకు నోటీస్ పోతది. నోటీస్ పోయినంక మళ్ళ ఒక్కటైనోళ్ళను నేను చూడలే. బాగ ఆలోచించుకో."

"ఆలోచించుడు అయిపోయింది మేడం."

"అయితే నువ్వు ముంగట ఉన్నప్పుడు అన్నది నాకొద్దు. నువ్వు గేటు దాటినంక నీ గురించి ఏమంటదో అది కావాలె. విన్నవా ఎప్పుడన్న?"

శామ్యూల్ వినలేదు. దినమంతా సాగే రికార్డింగు కూర్చుని వినే తీరిక అతనికెక్కడిది. తను ఉన్నంతసేపటి గొడవ విని పక్కన పెట్టేవాడు. ఇప్పుడు అతని మొహం వెలిగింది. అసలు విషం అండ్లనే ఉంటదన్నాడు.

"పొద్దటి సంది సాయంత్రం దాంక నడుస్తదా, గింత పాత ఫోన్?" మేడం నమ్మనట్టు చూసింది.

"ఒక్కనాడు బంద్ గాలె మేడం," శామ్యూల్ గర్వంగా అన్నాడు. "పాత మాల్ గట్టిగుంటది."

నిన్నటి రికార్డింగును వేలితో ముందుకు జరిపాడు. బండి చప్పుడు దూరమైంది. గేటు పడింది. గిన్నెలు మోగాయి. తర్వాత మరియమ్మ గొంతు, అక్షరాలు కూడబలుక్కుంటూ, కూరగాయల ధరలు చదివింది. శామీర్‌పేట రోడ్డు మీద లారీ కింద పడ్డ బండివాడి వార్త చదివింది. "సుప్రీంకోర్టు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. పేజీ తిప్పిన చప్పుడు. అమ్మ కోర్టు వార్త చదవకుండా వదిలేయడం శామ్యూల్ ఎరగడు. ఎందుకో ఒక క్షణం కనుబొమలు ముడిపడ్డాయి.

"సూడు అత్తమ్మా, హెల్మెట్ మల్ల ఇడిసిపెట్టే పోయిండు," రెబెక్కా గొంతు. "గీ మనిషితోని ఎట్ల ఏగాలె నేను?"

శామ్యూల్ బల్ల మీద చరిచాడు. "ఇగ సురువైతది, వినుండ్రి మేడం." మేడం పిటిషన్ అతని వైపు తోసి, పెన్ను మూత తీసి పెట్టి, చెవి ఫోను దగ్గరికి వంచింది.

అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. డబ్బా ఏదో గీసుకుంటూ పక్కకు జరిగింది. రెబెక్కా గొంతు ఒక్కసారిగా ఎంత దగ్గర వినిపించిందంటే ఇద్దరూ తలలు వెనక్కి తీసుకున్నారు.

"అత్తమ్మా, నీ చార్జర్ జర ఇటియ్యి, ఇయ్యాల గూడ ఆయన ఫోన్‌ల ఛార్జింగ్ అయిపోవచ్చింది. సగంల బంద్ అయితే పాపం వకీలు ముంగట ఆయన ఇజ్జత్ పోతది."