మాందే?

"నిన్న సాయంత్రం ఏం చేశావో చెప్పు జెర్లీన్" అంది ఔరేలియా టీచర్.

జెర్లీన్ లేచి నిలబడింది. టీచర్ స్పానిష్‌లో అడిగిన దాంట్లో సగమే అర్థమైంది. మిగతా సగం మళ్ళీ చెప్పమని అడగడానికి నోరు పెగల్లేదు.

"మాందే?" అన్నాడు పక్క కుర్చీలోని ముసలాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

క్లాసంతా నవ్వింది. టీచర్ ఆయన కోసం అదే ప్రశ్నను నిదానంగా రెండుసార్లు చెప్పింది. ఆ సందులో జెర్లీన్ నాలుగు మాటలు కూడదీసుకుని గట్టెక్కింది.

మాందే అంటే మన 'చిత్తం' లాంటి మాట. వాళ్ళుంటున్న ఈ వహాకా ఊళ్ళో ఎదుటివాళ్ళు చెప్పింది వినపడకపోతే 'ఏంటి?' అనకూడదు, 'మాందే?' అనాలి.

అది తెలియకే జెర్లీన్ మొదట్లో దెబ్బతింది. హైతీ నుంచి వచ్చి ఆసుపత్రి వంటగదిలో చేరిన రోజున పెద్ద వంటావిడ ఏదో చెబితే "కే?" అనేసింది. ఏంటి అని.

"నిన్నగాక మొన్న వచ్చింది, పొగరు చూడు" అని ఆవిడ పదిమందిలో కడిగేసింది.

ఆ తరువాత జెర్లీన్ ఎవర్నీ ఏదీ మళ్ళీ అడగలేదు. అర్థమైనా కాకపోయినా తలూపేది. అలా తలూపి ఒకరోజు ఉప్పు వెయ్యకూడని రోగుల సూపులో గుప్పెడు ఉప్పు వేసింది.

స్పానిష్ కోర్సు పాసైతేనే పని అన్నారు పైవాళ్ళు. పని పోతే ఈ దేశంలో ఉండనివ్వరు. వెనక్కి పోదామంటే ఆమె పుట్టిన వీధే కాలిపోయింది. అది గుర్తొస్తే చాలు, వచ్చిన నాలుగు మాటలు కూడా నాలుక మీదే ఎండిపోయేవి.

ఇక పక్క కుర్చీలోని దోన్ ఫ్లావియానో సంగతి. కొండ మీది ఊరివాడు. అక్కడి ముసలివాళ్ళకు సొంత భాష తప్ప స్పానిష్ రాకపోవడం మామూలే గనక ఆయన్ని చూసి ఎవరూ వింతపడలేదు. కానీ ఆరు నెలలైనా ఒక్క ముక్క ఎక్కనివాణ్ణి చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. క్లాసుకి పదిసార్లు 'మాందే?' అనేవాడు. చెప్పిందే చెప్పించేవాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని నోటు పుస్తకంలో ఏదో గీక్కునేవాడు.

గురువారం ఆఖరి క్లాసు. తెల్లారితే నోటి పరీక్ష. జెర్లీన్ రెండు రోజులుగా అన్నం సయించక మంచినీళ్ళతో గడుపుతోంది.

టీచర్ ఒక్కో ప్రశ్నా వల్లె వేయిస్తోంది. దోన్ ఫ్లావియానో నాలుగోసారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"మాందే?"

జెర్లీన్ దిగ్గున లేచింది.

"మీరు అడిగిందే అడుగుతుంటే పాఠం ఎప్పుడవుతుంది పెద్దాయనా? రేపు తప్పితే నన్ను ఇక్కడ ఉండనివ్వరు. మీకు పోవడానికి ఇల్లుంది. నాకు లేదు. ఇంట్లో కూర్చోక మా ప్రాణాలెందుకు తీస్తారు?"

ముసలాయన పుస్తకంలో ఏదో రాసుకుని, టోపీ పెట్టుకుని, మెల్లగా బయటికి నడిచాడు.

తప్పు చేశానని ఆమెకు తెలుసు. కానీ రేపటి భయం ముందు ఆ సిగ్గు నిలవలేదు.

మర్నాడు పరీక్ష పెట్టినాయన ఎక్కడినుంచో వచ్చిన కొత్త మనిషి. మాట గడగడా దొర్లించేశాడు. జెర్లీన్‌కి ఒక్క ముక్క అందలేదు. తలూపితే కొంప మునుగుతుంది. ఊపకపోతే ఏమనాలో తోచదు. ఆయన కలం మూత తీశాడు.

"మాందే?"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తరువాత తెలిసింది. ముసలాయన సాగదీత కూడా అచ్చం అలాగే వచ్చింది. పరీక్ష పెట్టినాయన మొహం మెత్తబడింది. ప్రశ్నను విడమరిచి మళ్ళీ చెప్పాడు. ఆమె జవాబిచ్చింది. తరువాతి దానికీ ఇచ్చింది.

శనివారం సర్టిఫికెట్ చేతికి రాగానే జెర్లీన్ తీపి రొట్టెల పొట్లం కొనుక్కుని క్లాసుకి పరుగెత్తింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన కాళ్ళ మీద పడి క్షమించమని అడగాలని వచ్చానంది.

"ఆయన ఇక రారమ్మా" అంది ఔరేలియా టీచర్. "పొద్దున బస్సుకి కొండ మీది కూతురింటికి వెళ్ళిపోయారు. చూపు ఆనడం లేదు, ఇదే నా ఆఖరి బ్యాచ్ అన్నారు."

"ఆఖరి బ్యాచ్ ఏంటి? ఆయనకి స్పానిష్ రాదుగా?"

టీచర్ నవ్వబోయి ఆగిపోయింది.

"నా చేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ ఊరి బళ్ళో నలభై ఏళ్ళు స్పానిష్ చెప్పారు. చిన్నప్పుడు ఈ భాష రాక బళ్ళో దెబ్బలు తిన్నారట. అందుకే ప్రతి బ్యాచ్‌లోనూ బాగా భయపడేవాళ్ళని చూసి వాళ్ళ పక్కన కూర్చుంటారు. ఇది నీకివ్వమన్నారు."

నోటు పుస్తకం. ముత్యాల్లాంటి స్పానిష్ అక్షరాలు. ఆరు నెలల్లో ఆయన అడిగిన ప్రశ్నలన్నీ ఉన్నాయి. ప్రతి ప్రశ్న పక్కనా ఒకటే పేరు, జెర్లీన్ అని.

ఆమె ఆఖరి పేజీ తిప్పింది.

"గురువారం. జెర్లీన్ ఈ రోజు నన్ను స్పానిష్‌లో చెడామడా తిట్టింది, ఒక్క తప్పు లేదు, ఇక నేను రానక్కర్లేదు."